హోరుకు వెల

శరత్కాలము ప్రవేశించి పక్షము గడచినదని పంచాంగము పలుకుచున్నను బందరు పట్టణపు గాలికి మాత్రము ఆ వార్త యింకను చేరినట్లు లేదు. సముద్రము మీది తడిని మోసికొని వచ్చి యిండ్ల గోడల సున్నమును నాకివేయుచు కిటికీ చువ్వలకు త్రుప్పును తలుపు గడియలకు చిలుమును వాత్సల్యముతో పంచిపెట్టుచు ఆ లవణవాయువు వీధివీధిని స్వేచ్ఛావిహారము సలుపుచుండెను. అస్తాచలోన్ముఖుడైన ప్రభాకరుడు పడమటి పొలముల మీదికి వ్రాలుచుండగా తూర్పున ఓడరేవు వైపునుండి మసకచీకటి మెల్లమెల్లగా లేచి తాడిచెట్ల మొదళ్ళను మ్రింగి పెంకుటిండ్ల చూరులను మ్రింగి దీపములు వెలుగని సందుగొందులయందు ముందుగా కాపురము పెట్టెను. దూరదేశములు మేల్కొను వేళ యదియే. పగలెల్ల సూర్యరశ్మికి లోబడి యడగియుండి సంధ్య వ్రాలినతోడనే యాకాశపు పైకప్పును తాకి క్రిందికి మరలి సముద్రములను మహారణ్యములను దాటి ఖండాంతరముల మాటలను పాటలను మోసికొనివచ్చు హ్రస్వతరంగములు, లోకులు షార్టువేవు అని పిలుచునవి, ఆ పట్టణము మీద గూడ ప్రతిదినమును తప్పక వ్రాలుచునే యుండెను. వానిని వినుటకు ఓపిక గల చెవులు మాత్రము బందరున రెండు జతలే యుండెను. అందొక జత గడచిన వేసవిలో శ్మశానమున కాలిపోయినది.

మిగిలిన జతకు యజమాని మాదిరాజు భుజంగరావు. తంతి కార్యాలయమున యౌవనమెల్ల వెచ్చించి టకటకల నుండి యక్షరములను అక్షరముల నుండి జననమరణవార్తలను ఏరి లోకమునకు పంచి పింఛను పుచ్చుకొని యొక చిన్న మేడగదిలో ఒంటరిగా కాలము గడపుచున్న యా వృద్ధుని ముఖమున చూడదగినది చెవియే గాని వేరొండు లేదు. దూరపు స్టేషనున ప్రకటనము చేయువాడు గొంతు విప్పుటకు ముందు తీయు నూపిరిని బట్టి అది యే దేశమో ఆయన చెప్పగలడని ప్రతీతి. తమ రేడియో చెడినదేమో యని యెవ్వరికైన సందేహము గలిగినచో దుకాణమునకు పోవుటకు ముందు భుజంగరావుగారికి వినిపింతురు. ఆయన పోయినదనిన పోయినట్లే, ఉన్నదనిన ఉన్నట్లే. ఇంతటి ఖ్యాతి గల మనుష్యుడు తన చెవిని తానే కులదైవమువలె కొలుచుకొనుటలో వింతయేమి? ఆ చెవికి తగిన యంత్రము మాత్రము అతనికి జన్మమున లభింపలేదు. అది యతని కడుపుమంట.

తగిన యంత్రము ఊరిలో లేకపోలేదు. పూర్వమెప్పుడో యొక విదేశపు సరుకుల యోడ తుపానులో చిక్కి రేవు సమీపమున బురదలో కూరుకొని మరల కదలకపోగా దానిని విప్పి వస్తువులను వేలము వేసిరి. అందు నావికులు వాడిన రేడియో యొకటి యుండెను. బూడిదరంగు ఇనుపపెట్టె. దాని ముఖమున మీటలు వరుసదీరి యుండెను. పలుకుటకు దానికి నోరు లేదు, హెడ్‌ఫోను చెవులకు తగిలించుకొని వినవలసినదే. దానిని చూచినంతనే భుజంగరావునకు నోరూరెను. నోరూరిన సంగతి పైకి పొక్కనీయకుండుటయే కొనుగోలునందు మొదటి పాఠమని నమ్మినవాడగుటచే అతడు పెట్టెను వ్రేలితో తట్టి పెదవి విరిచి పదిమంది వినునట్లు ఇది లోపల పుచ్చిపోయినదని దూషించెను. అరటిపండ్లు మొదలుకొని ఆవు వరకు ఏ వస్తువును ఆయన తిట్టకుండ కొని యెరుగడు. కొనువాడు తిట్టుట, అమ్మువాడు నొచ్చుకొని పొగడుట, మరల తిట్టుట, తుదకు ఇరువురును ఒక మాటకు వచ్చుట, ఇదియే అతని దృష్టిలో వ్యాపారమర్యాద. ఆనాడు మాత్రము అతని ప్రక్కన నిలిచియున్న ఓడరేవు గుమాస్తా తిరునగరి పరాంకుశాచార్యులు వస్తువు బాగున్నదని బిగ్గరగా మెచ్చుకొని పాట పెంచి, భుజంగరావు రెండవ తిట్టుకు నోరు తెరచునంతలో పెట్టెను బండి మీదికి ఎక్కించుకొనిపోయెను.

నాటినుండి ఇరువురును మిత్రులైరి. మిత్రులనగా సాయంకాలము దారిలో ఎదురుపడి నిన్న ఏమి వింటిరని పలుకరించుకొను మిత్రులు. ఆచార్యులు చెప్పును, భుజంగరావు వినును. ఒకసారి సిగ్గు విడిచి నన్నును విననిండని యడుగగా అట్లే కానిండని నవ్విన యాచార్యులు మరల ఆ మాట ఎత్తలేదు. మరల అడుగుటకు భుజంగరావునకు అభిమానము అడ్డు వచ్చెను. ఒక యినుపపెట్టె ఇద్దరు పెద్దమనుష్యుల నడుమ ఎంతటి గోడ కట్టగలదో చదువరులు గ్రహింతురుగాక. ఆచార్యులు గతించినాడని విన్నప్పుడు భుజంగరావు దుఃఖించెను. నిజముగానే దుఃఖించెను. అయినను ఆ దుఃఖము వెనుక నుండి మరియొక తలంపు తొంగిచూచెననియు దానిని అతడు వెంటనే తరిమివేయలేదనియు చెప్పకపోయినచో నేను కథకుడను గాక స్తోత్రపాఠకుడ నగుదును.

ఆ తలంపు ఎదురుచూచిన కబురు ఆశ్వయుజమాసమున రానే వచ్చెను. ఆచార్యుల భార్య యాండాళమ్మ చెప్పి పంపినది. యంత్రము మూగవోయినదనియు, మరిది కుమారుడు చెవులకు పెట్టుకొని చూచి ఏమియు వినరాదనెననియు, పాత ఇనుము వానికి వేయుటకు తనకు చేతులు రాకున్నవనియు, తాము వచ్చి విని పనికివచ్చునో రాదో చెప్పి పనికివచ్చునేని తామే కొనవలసినదనియు నా కబురు సారాంశము.

కొనుటయా మానుటయా యను ప్రశ్న భుజంగరావును పట్టి పీడించెను. మానుటకు కారణములు కోకొల్లలు. ఆ పెట్టె బరువును మేడ మీదికి చేర్చుట యొక యజ్ఞము. లోపల వెలుగు గాజుబుడ్డి, వాల్వు అనునది, ఒకటి మాడిపోయినచో దానికి బదులు ఈ భూమండలమున దొరకునో దొరకదో. మూగవోయిన యంత్రమున ఏ నరము తెగినదో విప్పి చూచువరకు తెలియదు. సబ్బుపెట్టెయంత ట్రాన్సిస్టరును జేబులో వేసికొని కుర్రకారు క్రికెట్టు వినుచు తిరుగు దినములలో ఇనుపపెట్టె మోసికొని వచ్చు ముసలివానిని చూచి వీధి నవ్వకుండునా? పైగా ఆ దూరపు స్టేషనులే ఒక్కటొక్కటిగా మూతపడుచున్నవి. చెప్పువాడు నోరు మూసికొనుచుండగా వినువాడు క్రొత్తగా చెవి కొనుట యేమి వివేకము? బుద్ధి ఇట్లు వాదించుచుండగా మనస్సు ఏమియు వాదింపలేదు. అది యప్పటికే ఆచార్యుల ఇల్లున్న ఈడేపల్లి పేటకు వెళ్ళి ఆ పెట్టె ముందు కూర్చుండియుండెను. మరునాటి సాయంకాలము కాళ్ళును దాని వెంట నడచెను.

ఆండాళమ్మ సన్నని మనిషి. ఏడ్చి ఏడ్చి అలసిన ముఖము గాదది. ఏడ్చుటకు ఎవ్వరును ఎదుట కూర్చుండనందున ఏడ్పు వాయిదా పడిన ముఖము. మజ్జిగ ఇచ్చి కుశలమడిగి ఆమె అతనిని వెనుకగదికి తోడ్కొనిపోయెను. ఊడ్చుటకు దప్ప తాను కాలు పెట్టియెరుగని గదియని ఆమెయే చెప్పినది. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద ఆ పెట్టె, పెట్టె వెనుకనుండి కిటికీ గుండ నింగికి ప్రాకిన రాగి తీగ. అంతకుమించి అందేమియు లేదు. భార్యకు కూర్చుండుటకు రెండవ కుర్చీయైనను లేదు.

భుజంగరావు కూర్చుండి మీట త్రిప్పెను. వాల్వులు ఎర్రబారుటకు కొంత తడవు పట్టెను. చిరకాలకాంక్షితమైన యా హెడ్‌ఫోనును అతడు చెవులకు తగిలించుకొనెను. మొదట వినవచ్చినది గుంయిమను రొద. దాని వెనుక హోరు. ఒక తరంగపట్టీ నుండి మరియొకదానికి మార్చు మీటను అటునిటు త్రిప్పిచూచెను. హోరే. నిరాశ కలుగునంతలో అతని వ్రేలికి ఆ మీటకు ఎడమవైపున రంగు అరిగి లోహము బయటపడిన చోటు తగిలెను. బొటనవ్రేలు మోపినచో సరిగా అమరునంత గుంట. అతడు తన బొటనవ్రేలిని అచ్చట మోపి మీటను మెల్లగా ప్రక్కకు అదిమెను.

అదిమిన క్షణమున ప్రపంచము తెరచుకొనెను. ఏ మంచుదేశపు పల్లెయో, పలువురు స్త్రీలు గొంతులు కలిపి పాడుచుండిరి. వారిలో ఒకతె గొంతు తక్కిన వారికంటె తృటికాలము వెనుకబడి వచ్చుచున్న సంగతి గూడ స్పష్టముగా వినవచ్చెను. అట్టి స్పష్టత ఆ చెవి యెన్నడును ఎరుగదు. రోగమేమో అతనికి తత్క్షణమే బోధపడినది. సముద్రపు గాలికి మీట లోపలి రాగిరేకు చిలుము పట్టి అంటవలసిన చోట అంటుటలేదు, అంతియే. ఆచార్యులు ఏండ్ల తరబడి బొటనవ్రేలితో అదిమిపట్టి వినుచు వచ్చినాడు. ఆ కిటుకు తెలియని మరిది కుమారునికి హోరు వినవచ్చుటలో ఆశ్చర్యమేమున్నది? భుజంగరావు పాట ముగియువరకు వినెను. ముఖమున ఒక్క కండరమును కదలనీయలేదు. ఎదుట నిలిచిన యామెకు ఆ గదిలో నిశ్శబ్దము దప్ప వేరేమియు వినరాలేదు. ఆ పిదప అతడు హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి పెదవి విరిచెను.

“ఏమీ లేదమ్మా. ఉట్టి హోరు.”

“బాగుచేయించినా పలకదంటారా, అన్నయ్యగారూ?”

“దీని పని ఎప్పుడో అయిపోయింది. ఇది దూరపు స్టేషను పట్టి పదేళ్ళకు తక్కువ ఉండదు. నా చెవికి తెలుస్తుందిగా.”

ఆ పదేళ్ళను ఎందుకు చేర్చవలయును? హోరనిన చాలియుండెను. కాని తిట్టునందు ఒక రుచి గలదు. అందులోను ఒకప్పుడు తనను ఓడించినవాని వస్తువును, తనకు విననీయనివాని వస్తువును, వాడు లేనప్పుడు తిట్టుటలోని రుచి ఇంతింత యనరాదు. భుజంగరావు ఆ రుచికి లొంగి మాటను సాగదీసెను. ఇక నామె నొచ్చుకొని అట్లనిన ఎట్లండి, ఆయన ప్రాణముగా చూచుకొన్న వస్తువు అనవలయును, తాను మరల మూలిగి సరే చూతమనవలయును. అతడు ఆ పొగడ్తకై కాచుకొని కూర్చుండెను. పాపము, అంగడి మెట్టెక్కి బేరమాడి యెరుగని యామెకు ఆ మర్యాద తెలియదు. ఆ యూర ఎల్లరికివలెనే ఆమెకును భుజంగరావుగారు పోయినదనిన పోయినట్లే.

“పదేళ్ళా?” అని యామె మెల్లగా అడిగెను.

అతడు తల పంకించెను.

ఆండాళమ్మ ద్వారబంధమునకు ఆనుకొని కొంతసేపు ఆ కుర్చీ వైపు చూచెను. పిమ్మట ఎవరితోనో చెప్పుకొనుచున్నట్లు పలుకసాగెను.

“రోజూ దీపాలు పెట్టే వేళకు కూర్చునేవారండి. అన్నానికి పిలిచేదాకా లేచేవారు కాదు. నేను ఏనాడూ ఏమీ అనలేదు. విన్నదాంట్లో ఒక్క ముక్క మాత్రం నాకు చెప్పేవారు, అన్నం కలుపుకుంటూ. ఎక్కడో మంచు కురిసి రైళ్ళు ఆగిపోయాయిట అనో, ఎవరో ముసలావిడ తన తేనెటీగల గురించి మాట్లాడిందనో. నేను మర్నాడంతా దాన్నే తలుచుకుంటూ పని చేసుకునేదాన్ని. మా ఇద్దరి మధ్యా మాటలంటే అవేనండి. పోయే ముందు రోజు దాకా చెప్పారు.”

భుజంగరావు హెడ్‌ఫోను తీగను చుట్టి బల్లమీద సర్దెను.

“మరి అవన్నీ ఎక్కడివండి?”

చదువరీ, అసత్యమాడినవానికి దైవము అప్పుడప్పుడొక సందు చూపును. ఈ సందు ద్వారమంత వెడల్పున నుండెను. హెడ్‌ఫోను తీసి ఆమె చెవులకు తగిలించి బొటనవ్రేలితో మీటను అదిమినచో ఆ స్త్రీల పాట ఆమెకే వినవచ్చియుండును. అందులకు అతడు చేయవలసినది ఒక్కటే, నేను చవుకగా కొట్టివేయుటకై కల్లలాడితినని యొప్పుకొనుట. ఆ మాట అతని గొంతు వరకు వచ్చెను. వచ్చి, తన చెవికి గల పేరును చూచి, ఎదుట నిలిచిన స్త్రీని చూచి, సిగ్గుపడి వెనుదిరిగెను. ఇప్పుడు కాదు, తరువాత ఎప్పుడైన చెప్పవచ్చునని అతడు తనకు తాను చెప్పుకొనెను. ఆమెను ఓదార్పవలయునను సదుద్దేశముతోనే అంతకంటె పాడుమాట యొకటి పలికెను.

“అంతకు ముందెప్పుడో విన్నవి అయి ఉంటాయమ్మా. జ్ఞాపకం ఉంచుకుని చెప్పి ఉంటారు.”

“కల్పించి చెప్పేవారన్నమాట” అని యామె తల యూపెను. “హోరు వింటూ కూర్చునేవారన్నమాట. నాతో కూర్చోవడం కన్నా అదే నయమనిపించిందేమో.”

ఆ మాటయందు నిష్ఠురము లేదు. లెక్క తేలిన తరువాత పలక తుడిచివేయునట్లు పలికినది. భుజంగరావు కంగారుపడి యంత్రము వెల సంగతి ఎత్తగా ఆమె అతనిని ఆశ్చర్యముతో చూచెను.

“హోరుకు వెల కట్టడమేమిటండీ? ఊరికే తీసుకువెళ్ళండి. నాకు ఇంట్లో వద్దు.”

అతడు రెండుసార్లు వలదనెను. మూడవసారి రిక్షా పిలిచెను. జీవితకాలము కోరిన వస్తువు చిల్లిగవ్వ యైనను వెచ్చింపకుండ ఒడిలోనికి వచ్చి కూర్చున్నప్పుడు మనుష్యుడు సంతోషింపకుండునా? ఈడేపల్లి దాటువరకు అతని మనస్సు బరువుగనే యుండెను. అది దాటిన పిదప అతడు పెట్టె మీద చేయి వేసి పసిబిడ్డను జోకొట్టునట్లు జోకొట్టెను. ఈ సంగతి దాచుట నాకిష్టము లేదు.

మరునాడు తెల్లవారినది మొదలు అతడు యంత్రమును విప్పి కూర్చుండెను. మీట లోపలి చిలుము పట్టిన స్విచ్చిని తుడిచిన చాలునని తెలిసియు, తుడిచినది మరల చిలుము పట్టునని, ఎన్నడో మూలబడిన తన పాత రేడియో లోని మంచి స్విచ్చిని ఊడబెరికి దీనికి అమర్చెను. రొదకు కారణమైన కండెన్సరును మార్చెను. గదియంతయు వినబడుటకు ఒక ధ్వనిపెట్టెను గూడ తగిలించెను. పాత స్విచ్చి రేకులు విరిగి ముక్కలు కాగా ఊడ్చి పారవేసెను. పని చేయుచున్నంతసేపు అతని మనస్సున ఆండాళమ్మ లేదు, ఆచార్యులు లేడు, తానును లేడు. పనివాని పుణ్యము ఆపాటిది. సంధ్య వ్రాలునప్పటికి యంత్రము ఏ బొటనవ్రేలి సాయమును కోరక నోరు విప్పెను.

ఏమి పలికినది! ఒక దేశపు వార్తలు, ఒక దేశపు గంటలు, పేరు తెలియని భాషలో ఎవ్వరో తండ్రి బిడ్డకు కథ చెప్పుచున్నట్టి గొంతు. నడుమ నొక ఆంగ్ల ప్రసంగమున, నది గడ్డకట్టిన పిమ్మట దానిమీదుగా గొర్రెలను తోలుకొనిపోవు కాపరి తన అనుభవమును చెప్పెను. మంచు పగులుట మనుష్యులకంటె ముందు గొర్రెలకు తెలియునట. అవి నిలిచిన చోట తానును నిలుచునట. భుజంగరావు పరమానందభరితుడై వింటివా యని ప్రక్కకు తిరిగెను. ప్రక్కన ఎవ్వరును లేరు. ఆ మాట విని మరునాడంతయు తలచుకొనుచు పని చేసికొను మనిషి అతనికి ఈ లోకమున ఒక్కరును లేరు. ఆచార్యులకు ఉండెను. ఆచార్యులు ప్రతిదినము ఒక్క ముక్కను ఏరి తెచ్చి అన్నము కలుపుకొనుచు ఆమెకు ఇచ్చెను. అతడు ఇవ్వగలిగినది అంతియే కావచ్చును. అంతయైనను ఇచ్చెను. దానిని తాను ఒక్క పెదవివిరుపుతో ఆమె చేతినుండి లాగికొనివచ్చి మేడ మీద పెట్టుకొన్నట్లు భుజంగరావునకు అప్పుడు తెలిసెను. కాపరి గొంతు సాగుచునే యుండెను గాని అతడు వినుట మానెను.

మరునాటి సాయంకాలము అదే రిక్షాలో అదే పెట్టె ఈడేపల్లికి మరలి వచ్చెను. అతడు ఆమె అనుమతి గైకొని వెనుకగదిలోని బల్లమీద దానిని పెట్టి రాగి తీగ తగిలించి మీట త్రిప్పెను. గది దూరదేశపు వాద్యముతో నిండిపోయెను. ఆండాళమ్మ కొంగు భుజమున కప్పుకొని గుమ్మము దగ్గరనే నిలిచి ఆసాంతము వినెను.

“బాగుచేశారే” అని యామె మెచ్చుకొనెను.

“అమ్మా, మొన్న నేను అబద్ధమాడాను. ఇది మొన్న కూడా పలికింది. నా చెవిలో పలికింది. బేరానికని అట్లా అన్నాను.”

ఆమె అతని ముఖమును చూచెను. అప్పుడు అతని ముఖమున యథార్థము కన్నీటి రూపమున కనబడుచుండెను. దురదృష్టమేమనగా జాలియు అదే రూపమున కనబడును.

“నిన్న లోపల ఏమైనా మార్చారా?”

“స్విచ్చీ, కండెన్సరూ మార్చాను.”

“మార్చాక పలికింది.”

“మార్చకముందూ పలికిందమ్మా. మీట పక్కకు అదిమిపట్టాలి. ఆయన బొటనవేలితో పట్టుకుని వినేవారు. ఇదుగో, ఇక్కడ రంగు పోయింది చూడండి.”

“చెయ్యి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలిగదండీ. పాత స్విచ్చితో ఒకసారి చూపించండి, పోనీ.”

పాత స్విచ్చి లేదు. సాక్ష్యమును తన చేతులతోనే విరిచి ఊడ్చి పారవేసివచ్చినాడు. రోగమును కుదుర్చువాడు రోగము స్వల్పమైనదను ఋజువును గూడ తుడిచివేయునని ఆ వృద్ధ నిపుణునకు తోచనేలేదు. పలుకుచున్న ఈ యంత్రము నిన్నటి బాగుచేతకు సాక్షి గాని మొన్నటి పలుకునకు సాక్షి కాజాలదు. అది యెంత శ్రావ్యముగ పలికిన అతని మాట అంత అబద్ధముగా వినబడుచుండెను.

“అన్నయ్యగారూ, మీ చెవి సంగతి ఆయనే చెప్పేవారు. ఈ ఊళ్ళో వినడం వచ్చినవాడు భుజంగరావొక్కడే, అతను లేదంటే లేనట్టేననేవారు. పోయినాయన పరువు నిలపాలని మీరు నింద మీద వేసుకుంటున్నారు. మీరు చాలా మంచివారు.”

ఆచార్యులు తనను గూర్చి ఇట్లనుచుండెనని అతడు ఎరుగడు. ఎరిగియున్నచో ఒకనాడైనను హాయిగా నిద్రించియుండును. చెప్పుతో కొట్టినను అతడు ఓర్చుకొనియుండునేమో గాని మంచివారను ఆ మాటకు ఓర్వలేకపోయెను. కాదు, నేను మంచివాడను కానని మరల మరల చెప్పెను. చెప్పుకొలదిని ఆమె కన్నులలో అతనియెడ గౌరవము పెరుగుచుండెను. ఒక్క మాటతో పోగొట్టినదానిని తిరిగి తెచ్చుటకు అతనియొద్ద మాటలకు కొదవలేదు. వానిని నమ్ము మనిషియే లేదు. జన్మమెల్ల కూడబెట్టుకొన్న చెవి పేరు అతని నోటిమీద కూర్చుండి దానిని పలుకనీయక నొక్కిపట్టెను.

దీపములు పెట్టు వేళ దాటుచుండెను. ఆండాళమ్మ గదిలోనికి వచ్చి ఆ కుర్చీలో కూర్చుండెను. కూర్చుండుట అదే మొదటిసారి కాబోలు, అంచున మాత్రమే కూర్చుండెను.

“ఒక్కటి అడుగుతాను. ఆ హోరు ఎట్లా ఉంటుందో నాకు వినిపించండి.”

“అది వినేది కాదమ్మా. రెండు స్టేషన్ల మధ్య ఖాళీ అది.”

“ఆ ఖాళీయే పెట్టండి.”

హెడ్‌ఫోనును ఆమెయే తీసి చెవులకు తగిలించుకొనెను. అది జుట్టున చిక్కుకొనగా నెమ్మదిగా విడిపించుకొని సరిచేసికొనెను. భుజంగరావు స్టేషనులను చూపు ముల్లును రెండు దేశముల నడుమ నిలిపెను. తీగ ఊడదీయగా ధ్వనిపెట్టె నోరు మూతపడెను. గదిలో నిశ్శబ్దము. ఆమె చెవులలో హోరు. ఆమె కన్నులు మూసికొని, క్రొత్తకోడలు అత్తవారింటి ముచ్చటలను వినునంతటి శ్రద్ధతో దానిని వినుచుండెను. ఎంతసేపటికిని తీయలేదు.

అతడు చూడలేకపోయెను. ఆమె ఎరుగకుండ ముల్లును వెంట్రుకవాసి కదిలించెను. ఎచ్చటనుండియో ఒక గొంతు ఆమె చెవులలోనికి వచ్చినట్లున్నది, ఆమె వెంటనే కన్నులు తెరచెను.

“ఇది మీరు బాగుచేసిందండీ. ముందరిదే పెట్టండి. ఆయనకు నాకంటే నచ్చిందేమిటో తెలుసుకుంటున్నాను.”

భుజంగరావు మరల హోరునకే త్రిప్పెను. ఆమె కుర్చీలో వెనుకకు జరిగి సరిగా కూర్చుండెను.